మాడవీధి, కాలనీ, లేఅవుట్: ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: పిల్లల చదువు కోసం చిత్తూరు నుంచి తిరుపతికి మారుతున్నాము. పాత ఊరు, కాలనీలు, శివారు లేఅవుట్లు అంటున్నారు. వీటి మధ్య తేడా ఏమిటండీ?
– ఒక గృహిణి, చిత్తూరు

జవాబు: అమ్మా, తిరుపతి పాత ఊరు గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ అల్లుకున్నది; గుడి చుట్టూ ఉన్న వీధులనే మాడవీధులు అంటారు. అక్కడ వీధి కొలత బండికి కాదు, మనిషి నడకకు, స్వామి ఊరేగింపుకు కుదిరినది. ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని, ముందు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి. కింద అంగడి, పైన కాపురం. పొద్దున గడప ముందు ముగ్గు వేస్తుంటే ఎదురింటావిడ పాలు వచ్చాయా అని అడిగే దగ్గరితనం నాకెంతో ఇష్టం, కానీ కారు నిలపడానికి చోటు దొరకదు.

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చాక ఊరు పడమటికి సాగింది. బాలాజీ కాలనీ వంటి చోట్ల ఉద్యోగులు, విద్యార్థులు ఎక్కువ. చదువు కోసమే అయితే ముందు అటే చూడండి.

ఊరు మింగిన పల్లెలు మరో తరహా. వాటిలో సందులు పాత బండిబాట వంపుల్లోనే తిరుగుతాయి, రామాలయం, వేపచెట్టు నిలిచే ఉంటాయి.

శివారు లేఅవుట్లలో గాలి, వెలుతురు పుష్కలం. అయితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి పత్రం చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి. ఒక వాన కురిసిన మరునాడు వెళ్ళి, మురుగు కాలువ ఎటు పారుతోందో స్వయంగా చూడండి.