గెడ్డని గెడ్డనే రాయి తల్లీ

పర్లాకిమిడి

తల్లీ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన మహేంద్రగిరి వ్యాసం అందాయి. వ్యాసం రెండుసార్లు చదివాను. ఉత్తరం మాత్రం నాలుగైదుసార్లు చదివాను. ఎందుకో చెప్తాను.

వ్యాసంలో మంచుతెరలున్నాయి, నింగినంటే శిఖరాలున్నాయి, భీముడి గుడి దగ్గర సూర్యోదయం ఉంది. 1501 మీటర్ల కొండ ఎక్కి దిగిన మనిషి మాత్రం ఎక్కడా కనపడలేదు. ఆ మనిషి ఉత్తరంలో ఉంది. "దిగేటప్పుడు కుడికాలి బొటనవేలు బూటుకి తగిలి తగిలి గోరు నల్లబడిపోయింది మాస్టారూ, మర్నాడు మా మేడమెట్లు గోడ పట్టుకుని వెనక్కి తిరిగి దిగాను, అమ్మ ఒకటే నవ్వు" అని రాశావు. ఇది వ్యాసంలోకి ఎందుకు రాలేదు? రాయదగ్గ సంగతి కాదనుకున్నావు. నాకైతే నువ్వు పంపిన కాగితాలన్నిటిలో ముందుగా రాయాల్సింది ఇదే అనిపించింది.

ఎక్కడం గురించి చాలామంది రాస్తారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఒక బండ మీద కూర్చుంటే సర్దుకుంటుంది. దిగడం అలా కాదు. అడుగడుక్కీ ఒంటి బరువంతా తొడలే పట్టి ఆపాలి. కండ ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బిగబట్టి ఉండాలి. అందుకే ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడూ ఆ పైరోజూ ముదురుతుంది. వ్యాసాన్ని నువ్వు గుడి దగ్గర ఆపేశావు. నీ నడక బరంపురంలో, మీ మేడమెట్ల మీద ఇంకా సాగుతూనే ఉంది. అక్కడిదాకా రా. వీలైతే అక్కణ్ణించే మొదలుపెట్టు.

ఇంకో సంగతి. ఒడియా బడిలో చదివాను, నా తెలుగు కలగాపులగం, దిద్ది పంపండి అన్నావు. నువ్వు కొట్టేసిన మాటలు గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయమ్మా. గెడ్డ అని రాసి కొట్టేసి సెలయేరు అన్నావు. ఘాటి కొట్టేసి పర్వతమార్గం అన్నావు. మాండియా జావు కొట్టేసి రాగిజావ అన్నావు. నేను దిద్దిందల్లా ఈ మూడే: నీ కొట్టివేతలు తీసేసి పాత మాటలు మళ్ళీ పైన రాశాను. మన వైపు మనుషులు సెలయేరు దాటరు, గెడ్డ దాటుతారు. పైన కొండ మీద వాన పడిందంటే గెడ్డ వస్తుందని పశువుల్ని ఇవతలే ఆపేస్తారు. సెలయేరు అన్నావంటే ఆ భయం ఉండదు, బొమ్మ మాత్రం ఉంటుంది. ఆ ఊళ్ళో నీకు గ్లాసు నింపి ఇచ్చిన ఆమె మాండియా అంటే మాండియా అనే రాయి. మీ నాన్నమ్మ దాన్నే చోడంబలి అంటుందని కూడా రాయి. ఈ రెండు పేర్లూ ఒకే నోట పలికే జనం మనం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

ఈ ఊళ్ళో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల మాట నేర్చుకోవడానికి ఈ కొండల్లోనే తిరిగారు. మలేరియా పట్టుకుంది, క్వినైన్ మందుకి చెవులు పోయాయి. ఆ చెముడుతోనే పని సాగించి 1931లో సవర భాషకి వ్యాకరణం అచ్చులోకి తెచ్చారు. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతలు ఇక్కడే ఉండిపోయారు. వినికిడి పోయిన మనిషి ఒక భాష శబ్దాల కోసం అంత పాటుపడ్డాడని తలుచుకుంటే, చెవులుండీ వినని నా వయసు గుర్తొస్తుంది.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. మహేంద్రగిరి వాలున దారి తప్పాను. మధ్యాహ్నం రెండింటికల్లా సీసా ఖాళీ. కింద లోయదాకా సవరల వరిమళ్ళు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఒక్కో గట్టు నా ఛాతీ ఎత్తు, సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి, అంతే. వాటి మీదుగానే దిగాను. అడుగు మడిలో ఒక ముసలామె. నీళ్ళు అన్నాను. తెలియలేదు. దోసిలి పట్టాను. "డా?" అంది, నీళ్ళా అని. ఆ మాట చివర గొంతులో టక్కున తెగింది, చెయ్యి అడ్డం పెట్టినట్టు. గట్టు నీడలో పెట్టిన ఎండు ఆనపకాయ బుర్ర తెచ్చి నా దోసిట్లోకి వంచింది. వచ్చింది నీళ్ళు కాదు, అంబలి. పుల్లగా, చల్లగా, వేళ్ళ సందుల్లోంచి మోచేతులదాకా కారింది. నేను తాగుతున్నంతసేపూ ఆమె నా బూట్ల వైపే చూసింది.

ఇంటికొచ్చి "వనదేవతలాంటి అవ్వ నా దాహం తీర్చింది" అని రాశాను. అచ్చయింది కూడా. డా రాయలేదు. మోచేతుల మీది అంబలి రాయలేదు. ఆ గట్లు ఎవరు కట్టారో, ఏటా కూలిన రాళ్ళు ఎవరు ఎత్తిపెడతారో అడగనే లేదు. ఆమె తన పగటి తిండి నాకు పోసేసిందన్న సంగతి చాలా ఏళ్ళకి గానీ నాకు తట్టలేదు. దేవతని చేసేస్తే ఇక అడగాల్సింది ఏమీ ఉండదు కదా, అందుకే తట్టలేదు. ఇప్పుడు వెళ్ళి అడుగుదామన్నా నా మోకాళ్ళు అంతదూరం రావు.

నీకు గ్లాసు ఇచ్చిన ఆమె గురించి ఒక్క వాక్యమే రాశావు. ఆమె ఇంకా ఏమంది? డబ్బులు తీసుకుందా? ఏ భాషలో మాట్లాడుకున్నారు? గుర్తున్నంత రాయి, గుర్తులేనిది కల్పించకు. ఈసారి వెళ్ళేటప్పుడు జేబులో పెన్సిల్ ముక్క పెట్టుకో, చెమట చేతికి సిరా అలుక్కుపోతుంది. ఆగిన చోటల్లా రెండు మాటలు రాసుకుంటే చాలు.

శివరాత్రిలోపు మళ్ళీ రాసి పంపు. ఆ గోరు మాత్రం పీకకు తల్లీ. కింద కొత్తది వస్తుంటే దానంతటదే ఊడుతుంది. అందాకా మెత్తటి చెప్పులు వేసుకో.

మీ మాస్టారు