ఎర్రగడ్డకు మొలక, కరివేపాకుకు చిగురు: ఏది తినాలి, ఏది నాటాలి?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. కార్తీకంలో పెరికిన ఎర్రగడ్డల్లో (ఉల్లి) ఒక బస్తా ఇంటి వాడకానికి అటక మీద ఉంచుకున్నాము. శివరాత్రి దాటేసరికి సగం గడ్డలకు పచ్చటి మొలకలు వచ్చాయి. తెల్లగడ్డ (వెల్లుల్లి), ఉర్లగడ్డ (బంగాళాదుంప), కంద కూడా మొలకెత్తుతున్నాయి. కుండీలోని కరివేపాకు చిగురు వేస్తోంది గాని లేత ఆకులు ముడుచుకుంటున్నాయి. మొలకలు వచ్చినవాటిని తినవచ్చా, పెరట్లో నాటవచ్చా? కుండీకి ఎరువు ఎప్పుడు వేయాలి?
– ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయే వేళకే వంటింట్లోనూ వసారాలోనూ ఈ కదలిక కనిపిస్తుంది కాబట్టి, అంతా ఎండ వల్లనే జరిగిందని అనిపించడం సహజం. మీ కరివేపాకును లేపింది వెచ్చదనమే గాని, మీ ఉల్లిని లేపింది మాత్రం వెళ్లిపోయిన చలి.

పెరికిన ఉల్లిగడ్డ కొంతకాలం నిద్రావస్థలో ఉంటుంది. వేసవి మొదట్లో పెరికే రబీ ఉల్లికి ఈ నిద్ర ఎక్కువ కాబట్టి, బాగా ఆరబెట్టి గాలి ఆడేచోట ఉంచితే నాలుగైదు నెలలు నిలుస్తుంది. మీరు దాచిన ఖరీఫ్ ఉల్లికి నిద్ర తక్కువ. దానికి తోడు, ఉల్లి 10 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో త్వరగా మొలకెత్తుతుంది, 25 డిగ్రీలు దాటితే మొలక మందగిస్తుంది. పుష్య, మాఘ మాసాల రాత్రులు మీ అటకకు సరిగ్గా ఆ చల్లదనాన్నే ఇచ్చాయి. పైకి మొలక కనిపించని గడ్డను ఒకదాన్ని నిలువునా కోసి చూడండి. తెల్లటి పొరల నడుమ, వేర్లు పుట్టే అడుగు భాగం నుంచి లేత ఆకుపచ్చ మొన ఒకటి మెడ వైపు ఎగబాకుతూ కనిపించవచ్చు. బయటపడడానికి ఎన్నో రోజుల ముందే మొలక లోపల బయలుదేరుతుంది. వెల్లుల్లిదీ ఇదే స్వభావం, అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన పాయలు తొందరగా మొలకెత్తుతాయి.

మొలకెత్తిన ఉల్లి, వెల్లుల్లి తినడానికి నిక్షేపంగా పనికివస్తాయి. అయితే గడ్డలోని తీపీ తేమా మొలకకు పోయి గడ్డ మెత్తబడుతుంది కనుక వాటిని ముందుగా వాడుకొని, కుళ్లు వాసన వచ్చినవాటిని వెంటనే ఏరివేయండి. ఇప్పుడు నాటితే కాడలు కోసుకోవచ్చు గాని, ఆ గడ్డ ఇంకా పెద్ద గడ్డగా ఊరదు, కొన్నాళ్లకు పూకాడ వేస్తుంది. ఇంటి నిల్వకు వచ్చే ఏడాది నుంచి రబీ ఉల్లినే దాచుకోండి.

ఉర్లగడ్డ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దాని మొలకల్లోనూ పచ్చబడిన తొక్కలోనూ సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది, ఉడికించినా అది పోదు. గడ్డ గట్టిగా ఉండి ఒకటి రెండు చిన్న మొలకలే ఉంటే, మొలకను కన్నుతో సహా లోతుగా తీసివేసి వాడవచ్చు. ముడతలు పడి, మొలకలు సాగి, తొక్క పచ్చబడినదాన్ని అసలే వండకండి. ఇకపై తెచ్చినవాటిని వెలుతురు తగలని చోట ఉంచండి.

నాటడానికి వీటన్నిటిలో నిజంగా తగినది కంద. దాని మొలక నడినెత్తి మీద ఒక్కచోటే వస్తుంది కాబట్టి, కోసేటప్పుడు ప్రతి ముక్కకూ ఆ మొలక చుట్టూ ఉన్న వలయంలో కొంత భాగం దక్కేలా, అర కిలోకు తగ్గకుండా కోయాలి. ముక్కలను పేడనీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టి, పెరట్లో నీళ్లు నిలవని చోట నాటండి.

ఇక కరివేపాకు. చలికి మందగించిన వేర్లు మట్టి వేడెక్కగానే పనిలోకి దిగుతాయి, ఆ వెంటనే చిగురు వస్తుంది. ఆ చిగురు కోసమే, లేత ఆకుల రసం పీల్చే సిల్లా పురుగులు కాచుకొని ఉంటాయి. ముడుచుకున్న ఆకును తిప్పి చూస్తే, ఆవగింజకన్నా చిన్న పసుపుపచ్చని పిల్లపురుగులూ వాటి వెంట తెల్లటి మైనపు పోగులూ కనిపిస్తాయి. అవి ఉంటే ఆ కొసలను గిల్లి కాల్చివేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట వారానికొకసారి చొప్పున రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. రోజూ తాలింపులో వేసే ఆకు కాబట్టి రసాయన మందు జోలికి వెళ్లవద్దు.

చిగురు కనిపించిన రోజే ఎరువు వేయాలన్న ఆరాటం వద్దు. కొత్త రెమ్మలు రెండంగుళాలు సాగాక, పైమట్టిని వేళ్లతో గుల్లచేసి, అడుగు వెడల్పు కుండీకి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు కలిపి నీరు పోయండి. పుల్లమజ్జిగ పోసే అలవాటు ఉంటే పలచగా అప్పుడప్పుడు పోయవచ్చు, కానీ దాన్ని ఎరువుకు బదులుగా లెక్కించకండి. అంగుళం లోతు మట్టి ఆరాకే మళ్లీ నీరు పెట్టాలి. ఆకు కోసమే పెంచుతున్నారు కనుక రెమ్మల చివర పూమొగ్గల గుత్తులు కనిపించగానే గిల్లివేస్తే, దాని కిందనుంచి పక్కరెమ్మలు వస్తాయి.