సమీక్ష వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా నాటకం మీద వచ్చిన సమీక్షలో, 'మూడో రంగంలో ఉత్తరం చదివేటప్పుడు నాయిక ముఖంలో భావమే లేదు, ఆమెకు నటన రాదు' అని రాశారు. ఆ అమ్మాయి మిగతా ప్రదర్శనలు చేయనంటోంది. ఘాటుగా జవాబు రాయమని బృందంవాళ్లు పట్టుబడుతున్నారు.
– ఒక దర్శకుడు

జవాబు: రాయకండి. పేరు తప్పు పడితేనో, లేని సన్నివేశం ఉన్నట్టు రాస్తేనో సవరణ కోరుతూ రెండు వాక్యాలు పంపండి, చాలు. అభిప్రాయం మీద వాదనకు దిగితే, ఆ సమీక్ష చూడనివాళ్లు కూడా వెతుక్కుని మరీ చదువుతారు.

సమీక్షకుడు రాసిన వాక్యంలో మొదటి సగం ఆయన చూసింది, రెండో సగం ఊహించింది. చూసినదాన్ని పరీక్షించండి. పూర్తి లైటింగ్‌తో రిహార్సల్ పెట్టి, మీరు ఎనిమిదో వరసలో కూర్చోండి. ఆమె నిలబడే చోట అంతే ఎత్తున్న మరొకరిని నిలబెట్టండి. ఆ మనిషి కళ్ల కింద కూడా నీడలే కనిపిస్తే లోపం లైటుది. నెత్తిమీద నుంచే వెలుగు పడుతోంది, ముందువైపు నుంచి సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా రావాల్సిన లైటు లేదు. ఆ మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తే, మీ నటి తాను నిలబడాల్సిన చోట వేదిక మీద పెట్టిన గుర్తు వదిలి అడుగు వెనక్కి నిలబడుతోందేమో గమనించండి. ఉత్తరం గుండెల ఎత్తులో పట్టుకుని తల పూర్తిగా వంచేసినా కనబడేది పాపిడే. కాగితం కాస్త పైకెత్తి, పక్కకు జరిపితే సరిపోతుంది. అలా నిలబెట్టింది మీరే అయితే, మీ తప్పు ఆమె ఖాతాలో పడిందన్నమాట. ఆ మాట బృందం ముందే చెప్పండి.

ఇవేవీ కాకపోతే లోపం నటనదే. అప్పుడు కూడా 'భావం పెంచు' అనకండి, కనుబొమలు ఎగరేస్తుంది. 'చివరి వాక్యం చదివాక, తల ఎత్తేముందు ఒక ఊపిరి ఆగు' అనండి.

ఇక విమర్శకుల మీద మీ బృందం కోపం సంగతి. 1958లో లండన్‌లో హెరాల్డ్ పింటర్ నాటకం 'ది బర్త్‌డే పార్టీ' చెడ్డ సమీక్షల మధ్య వారానికే ఆగిపోయింది. దాన్ని మెచ్చుకుంటూ హెరాల్డ్ హాబ్సన్ రాసింది ఆదివారం పత్రికలో వచ్చేసరికే ప్రదర్శనలు అయిపోయాయి. ఆ హాబ్సన్ కూడా విమర్శకుడే, అందుకని ఆ జాతినంతా తిట్టి లాభం లేదు.

ప్రశ్న: కొత్తగా నాటక సమీక్షలు రాస్తున్నాను. పొగిడితే తప్ప నటులు ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: వాళ్లు ఒప్పుకోవాలని రాయకండి. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో ప్రదర్శనను పరీక్షించే ప్రాశ్నికుల ప్రస్తావన ఉంది. పద్య వృత్తాలకు ఛందస్సు తెలిసినవాడు, అభినయానికి నర్తకుడు, వేషానికి చిత్రకారుడు, ఇలా ఎవరి విద్యలో వాళ్లే. మీరేమో అన్నిటికీ ఒక్కరే! లైటింగ్ తెలియకపోతే 'ముఖం కనబడలేదు' దగ్గర ఆగండి, కారణం జోలికి పోకండి.

టికెట్ మీరే కొనుక్కోండి. ప్రదర్శన కాగానే తెర వెనక్కి వెళ్లకండి. అక్కడ 'అద్భుతం' అని మొహమాటానికి అనేస్తారు, మర్నాడు వేరేగా రాస్తారు. మీ విమర్శ కంటే ఆ తేడానే వాళ్లను ఎక్కువ మండిస్తుంది. సమీక్ష పంపేశాక వెళ్లి కలవండి.