చంద్రుడు బల్బులా ఎందుకు పడుతున్నాడు?

ప్రశ్న: మా పెరట్లో నుంచి చంద్రుణ్ణి ఫోటో తీస్తే మచ్చలేవీ కనిపించకుండా తెల్లటి బల్బులా వస్తున్నాడు, అదే ఫోటోలో చుక్కలేమో అసలు పడటం లేదు. నా దగ్గర 18-55, 55-250 మి.మీ. లెన్సులతో మామూలు డీఎస్ఎల్ఆర్, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. మంచి కెమెరా కొనాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు, ఉన్నది చాలు. చంద్రుణ్ణీ చుక్కల్నీ ఒకే ఫోటోలో పట్టాలనుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా. మనం చూసేది రాత్రే అయినా చంద్రుడి మీద పడేది ఎండే కదా, అంటే మీరు తీస్తున్నది పట్టపగలు ఎండలో ఉన్న రాతినేలని. ఆటోలో పెడితే కెమెరా చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి వెలుగు చాలదనుకుంటుంది, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, చంద్రుడు తెల్లగా మాడిపోతాడు. మాన్యువల్లో పెట్టి ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత ఎక్కువగా పట్టుకోవాలో చెప్పే అంకె) 100, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత, అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది), షట్టర్ 1/100 సెకనుతో మొదలుపెట్టండి. ఇది పున్నమి లెక్క. సగం చంద్రుడైతే ఎఫ్/5.6కి తెరవండి.

నన్నడిగితే పున్నమినాడు తీయకపోవడమే మంచిది, ఆ రోజు ఎండ మన వైపు నుంచి నేరుగా పడుతుంది కాబట్టి అక్కడి గుంతలకు నీడలుండవు. సప్తమి, అష్టముల్లో తీసి చూడండి, వెలుగూ చీకటీ కలిసే గీత పొడవునా ఎంత అందంగా నీడలు తేలతాయో! లెన్సును 250 మి.మీ. దాకా జూమ్ చేసినా చంద్రుడు ఫ్రేము వెడల్పులో పదో వంతే ఉంటాడు, ఫరవాలేదు, తర్వాత క్రాప్ చేసుకోండి.

చుక్కలకు అంతా తలకిందులు. అమావాస్యకు అటూ ఇటూ, ఇంటి లైట్లన్నీ ఆర్పేసి, లెన్సు 18 మి.మీ. దగ్గర పెట్టి ఎఫ్/3.5, ఐఎస్ఓ 1600, షట్టర్ 15 సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతల్లా సాగుతాయి. వీధిలైటు వల్ల ఆకాశం పాలిపోయినట్టు వస్తే ఐఎస్ఓ 800కి దించండి. ట్రైపాడ్ మీద ఉన్నా వేలు తగిలితే కదులుతుంది, 2 సెకన్ల టైమర్ వాడండి.

అందరూ దెబ్బతినేది ఫోకస్ దగ్గర. చీకట్లో ఆటోఫోకస్ దేన్నీ పట్టుకోలేక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని ఆపేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) బాగా మెరిసే చుక్కనొకదాన్ని పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా లెన్సు రింగును మెల్లగా తిప్పండి. ఓపికగా చేయండి, ఇది కుదరకపోతే మిగతావన్నీ దండగ. డిసెంబరు నుంచి మార్చి దాకా రాత్రి తొలి జాముల్లో ఓరియన్ అనే నక్షత్రాల గుంపు బాగా కనిపిస్తుంది, దాంతో మొదలుపెడితే అందులోని రెండు చుక్కల రంగులు, ఆర్ద్ర ఎరుపు, రైజెల్ నీలం కలిసిన తెలుపు వేరువేరుగా పడతాయి, కంటికి అంతగా తెలియని రంగులవి.

రెండూ ఒకే ఫోటోలో కావాలంటే మాత్రం విదియ, తదియ నాటి సన్నటి నెలవంక కోసం ఆగండి. పొద్దుగూకాక 250 దగ్గర ఎఫ్/5.6, ఐఎస్ఓ 800, 1 సెకను పెడితే వంక మాడినా, భూమి మీద నుంచి తిరిగి వెళ్లిన వెలుగుతో మిగతా గుండ్రమంతా బూడిదరంగులో తేలుతుంది, పక్కన చుక్కలేవైనా ఉంటే అవీ పడతాయి.