ఫ్యాన్‌ను గంటలకొద్దీ చూస్తాడు, పలక వైపు చూడడేం?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉండే స్థితి. తిరిగే ఫ్యాన్, టీవీ ఎంతసేపైనా చూస్తాడు గానీ పలక ముందు నిమిషం కూడా నిలవడు. చూపు బాగానే ఉన్నట్టుంది. ఇది మొండితనమా? మందులేమైనా వాడాలా?
- ఓ తల్లి, అంబాజీపేట

సలహా: మొండితనం కాదమ్మా. ఫ్యాన్ చూస్తున్నాడు కదా అని కళ్లు బాగున్నాయనీ అనుకోకండి. కదిలే వస్తువు చూపును దానంతటదే లాక్కుంటుంది. పైగా ఫ్యాన్, టీవీ దూరంగా ఉంటాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి దగ్గరి వస్తువు మీద ఫోకస్ సరిగా కుదరదు. గోడమీది చార్టు చదివిస్తే ఈ లోపం బయటపడదు. కంటి డాక్టర్‌ను దగ్గరి ఫోకస్ కూడా చూడమని అడగండి. అదీ చుక్కల మందు వేయకముందే. వేశాక ఆ పరీక్ష కుదరదు. సైట్ కొలవడానికి మాత్రం చుక్కలు కావాలి. బైఫోకల్ (దూరానికి పైన, దగ్గరికి కింద వేర్వేరు పవర్ ఉండే అద్దాలు) రాస్తే మధ్య గీత కంటిపాప దాకా వచ్చేలా బిగించమని అద్దాల షాపులో చెప్పండి. పెద్దవాళ్లకు పెట్టినట్టు కిందకు పెడితే బాబు పై అద్దంలోంచే చూస్తాడు, డబ్బు దండగ.

వినికిడి పరీక్ష, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష తప్పనిసరి. రాత్రి గురక పెడుతుంటే అదీ చెప్పండి, నిద్ర చాలకపోతే ధ్యాస నిలవదు. పిలిచినా పలక్కుండా కొన్ని సెకన్లు బిగుసుకుపోతుంటే ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి, మూర్ఛ కావచ్చు. ధ్యాస పెంచే టానిక్కులంటారా, కొనకండి.

ఇక చూపు నిలిపే సంగతి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు నేర్చుకోవడంలో ఆలస్యం చాలావరకు 'దేన్ని చూడాలి' అన్నది పట్టుకోవడంలోనే ఉందని, అది దొరికాక వేగం పుంజుకుంటారని జీమన్, హౌస్ అనే మనస్తత్వవేత్తలు 1963లోనే చెప్పారు. అంటే మన పని చూడాల్సినదాన్ని తేలిగ్గా దొరికేలా పెట్టడమే. యాభై బొమ్మల అక్షరాల చార్టు వద్దు. వీధి, కిటికీ వీపు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. కొబ్బరాకుల నీడ బల్ల మీద ఊగుతున్నా చూపు అటే పోతుంది. బల్లమీద ముదురు రంగు తువ్వాలు పరచి రెండే వస్తువులు పెట్టండి. స్టీలు పళ్లెం వద్దు, దాని మెరుపే చూస్తాడు.

అక్షరాల్లో ద, ధ తీసుకుని ఒక్కోటి ఒక్కో కార్డు మీద రాయండి. తేడా అంతా కింద ఉన్న చిన్న గీతలోనే. ఆ గీత ఎర్రగా, లావుగా రాయండి. మీరడిగిన కార్డును బాబు నాలుగైదు రోజులు వరసగా సరిగ్గా చూపిస్తే ఎరుపు కొంచెం కొంచెంగా తగ్గించి నలుపులోకి తెచ్చేయండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: ఎరుపు అలాగే వదిలేస్తే పిల్లాడు రంగు నేర్చుకుంటాడు, అక్షరం కాదు. సరైన కార్డు ఎప్పుడూ కుడివైపే పెట్టినా అంతే, కుడివైపు చూపించడం నేర్చుకుంటాడు. చోటు మారుస్తుండండి.

అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మధ్యలో 'చూడు, చూడు' అంటే, గడ్డం పట్టి తిప్పితే, కార్డు వదిలి మీ మొహం చూస్తాడు. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. విసుగు రాకముందే ఆపండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రం టీచర్‌కూ ఈ కార్డులే ఇవ్వండి, అక్కడొకటి ఇంట్లో ఒకటి అయితే మళ్లీ మొదటికొస్తుంది.