నాట్ విమానానికి లప్పం పూయించే ముందు

అల్లుడికి ఆశీస్సులు.

మీ కాలేజీ ముందు నిలబెట్టడానికి పాత నాట్ యుద్ధవిమానం వచ్చిందనీ, నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ పేరుమీద డిసెంబరు 14న ఆవిష్కరణ పెట్టుకున్నారనీ మీ అమ్మ చెప్పింది. ఎయిర్‌ఫోర్సులో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

ఆటోనగర్‌లో బాగుచేయిస్తారట. లారీ బాడీ కట్టడంలో వాళ్ళకి తిరుగులేదు. అయితే వాళ్ళ చేతికి అలవాటైంది ఇనుము, ఇదేమో అల్యూమినియం రేకు. వైరు బ్రష్షుతో గీకితే ఇనప రజను రేకులో ఇరుక్కుంటుంది. తడి తగిలాక అక్కడే తెల్లగా పొడి రాలడం మొదలవుతుంది. ఇసక కొట్టించడం అసలే వద్దు. రంగు ఊడదీసే మందు, స్ట్రిప్పరు పూసి, రంగు మెత్తబడ్డాక ప్లాస్టిక్ బద్దతో తీయమను. రంగు కింద పూసే పాత ప్రైమర్‌లో క్రోమేట్ అనే విషపదార్థం ఉంటుంది, మాస్కు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వకు.

నా భయమంతా లప్పంతోనే. నున్నగా కనపడాలని రివెట్ల మీద పూస్తారు, ఆ ఊపులో పొట్ట కింద ఉన్న చిన్న చిల్లులు కూడా మూసేస్తారు. అవి లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి పెట్టినవి. వాచ్‌మన్‌కి ఒక ఈనెపుల్ల ఇచ్చి, వాన వెలిసినప్పుడల్లా పొడిచి చూడమను. గాలి పోయే దారులకు జాలీ కొట్టించు, లేకపోతే పావురాలు కాపురం పెడతాయి. కనోపీ, అంటే పైలట్ తల మీదుండే అద్దంలాంటి మూత మీద థిన్నర్ పడకూడదు, పగుళ్ళిస్తుంది.

ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఎజెక్షన్ సీటులోని పేలుడు కార్ట్రిడ్జిలు తీసేసినట్టు కాగితం చేతికొచ్చేదాకా పిల్లల్ని ఎక్కించొద్దు. పాత మీటర్లలో రేడియోధార్మికమైన రేడియం ఉండొచ్చు, అద్దాలు విప్పనీయకు.

రౌండెల్‌లో, అంటే విమానం మీద వేసే వైమానిక దళం గుండ్రటి గుర్తులో కాషాయం మధ్యలో, ఆకుపచ్చ బయట. జెండా అలవాటుతో పెయింటర్లు తిరగేస్తారు, దగ్గరుండి చూసుకో.

ఇక శిలాఫలకం. 'సెఖోన్ నడిపిన విమానం' అని మాత్రం చెక్కించకు. ఆయన నడిపింది 1971లో శ్రీనగర్ దగ్గర కూలిపోయింది, భౌతికకాయం కూడా దొరకలేదు. 'ఆయన నడిపినలాంటి విమానం' అంటే పరువేం పోదు. బాంబులు పడుతున్న రన్‌వే మీంచి లేచి, ఆరు పాకిస్తానీ సేబర్ యుద్ధవిమానాల దాడికి ఎదురెళ్ళినవాడు. వైమానిక దళంలో పరమవీర చక్ర దక్కింది ఆయనొక్కడికే. దీనికి మనం కలిపేదేముంది? ఎన్ని కూల్చాడన్న లెక్కల జోలికి పోకుండా, ప్రశంసాపత్రంలో ఉన్నదే రాయించు. ఫ్లయింగ్ ఆఫీసర్ హోదా, 18వ స్క్వాడ్రన్ తప్పుల్లేకుండా పడాలి. దాతల పేర్లు వేరే పలక మీద వేయించు. ఎంత పెద్దవాళ్ళు అడిగినా సరే, ఆయన పేరు పక్కన వద్దు.

ఆదివారం నేనే గుంటూరు నుంచి బస్సెక్కి వస్తా. అప్పటిదాకా లప్పం డబ్బా మూత తీయనివ్వకు.

మీ మావయ్య