టెక్ సందేహాలు: అప్‌డేట్ వేశారు సరే, రీబూట్ ఏదీ?

"క్లౌడ్ సర్వర్లకు అప్‌డేట్లన్నీ ఎప్పటికప్పుడు వేస్తున్నాం. అయినా లోపాలు వెతికే స్కానర్, లైనక్స్ కెర్నెల్‌లో (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) లోపం ఉందనే అంటోంది. తప్పు స్కానర్‌దేనా?"

స్కానర్‌ని తిట్టే ముందు ఒక్కసారి యూనేమ్ -ఆర్ అనే కమాండ్ కొట్టి చూడండి. అక్కడ కనిపించేది ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్. ప్యాకేజీల జాబితాలో కనిపించేది డిస్కు మీద కూర్చున్న కెర్నెల్. ఈ రెండూ వేరైతే, మందు కొని అలమరలో పెట్టి జ్వరం తగ్గలేదంటున్నట్టే. ఇవే మాటలు ఎన్నిసార్లు రాసినా ఇదే ప్రశ్న మళ్లీ వస్తోంది.

డెబియన్, ఉబుంటులలో రీబూట్ బాకీ ఉంటే /వార్/రన్/రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైలు పుడుతుంది. రెడ్ హ్యాట్ తరహా లైనక్స్‌లలో నీడ్స్-రీస్టార్టింగ్ -ఆర్ కమాండ్ అదే సంగతి చెబుతుంది. ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లూ ఒకటి గమనించాలి. ఆ సెట్టింగుల్లో ఆటోమేటిక్-రీబూట్ మామూలుగా ఆపేసే ఉంటుంది. ప్యాకేజీ దిగుతుంది, కెర్నెల్ మారదు, ఎవరికీ మెయిల్ రాదు. ఇలా గుట్టుగా వదిలేసే డిజైన్ మీద నాకు కోపమే. ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త కెర్నెల్ కొత్త పేరుతో, వేరే ప్యాకేజీగా వస్తుంది. డెబియన్, ఉబుంటులలో ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ అనే కమాండ్ కొత్త ప్యాకేజీలు వేయదు. 'కెప్ట్ బ్యాక్' (ఆపి ఉంచాం) అని ఒక్క ముక్క అని ఊరుకుంటుంది. ఉత్త ఆప్ట్ అప్‌గ్రేడ్ అయితే వేస్తుంది.

రెండు వెర్షన్లూ ఒకటే అయినా స్కానర్ గోల పెడుతుంటే, అప్పుడు తప్పు దానిది కావచ్చు. డిస్ట్రోలు (ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లైనక్స్ రకాలు) పాత వెర్షన్ నంబరు అలాగే ఉంచి సవరణను మాత్రం వెనక్కి తెచ్చి అతికిస్తాయి. నంబరు చూసి తీర్పు చెప్పే స్కానర్‌కి ఆ అతుకు కనిపించదు. రెడ్ హ్యాట్ తరహాలో ఆర్పీఎం -క్యూ --చేంజ్‌లాగ్‌తో సీవీఈ నంబరు (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెతకండి. అయితే ప్యాకేజీ పేరు పక్కన యూనేమ్ ఇచ్చిన వెర్షన్ తప్పకుండా రాయండి. రాయకపోతే ఇంకా బూట్ కాని కొత్త కెర్నెల్ చరిత్ర కూడా కలిసి వస్తుంది, అందులో సవరణ చూసి మీరు నిశ్చింతగా నిద్రపోతారు.

"ఈ లోపాలు చాలావరకు లోకల్ అంటారు. మా సర్వర్‌లో బయటివాళ్లకు లాగిన్లే లేవు, పైగా అప్లికేషన్లన్నీ కంటైనర్లలో (ఒక్కోదాన్ని విడిగా ఉంచే పెట్టెల్లో) నడుస్తాయి. ఇంత కంగారు అవసరమా?"

అవసరమే. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఈ ధీమానే. 'లోకల్' అంటే కీబోర్డు ముందు కూర్చున్న మనిషి అని కాదు, ఆ మెషీన్‌లో కోడ్ నడపగలిగిన ఎవరైనా అని. మీ వెబ్ అప్లికేషన్‌లో ఒక చిన్న కన్నం చాలు, ఎక్కడివాడైనా లోకల్ అయిపోతాడు. ఇక కంటైనర్ల సంగతి. లోపల యూనేమ్ -ఆర్ కొట్టండి, హోస్ట్, అంటే వాటిని మోసే అసలు సర్వర్, కెర్నెల్ వెర్షనే వస్తుంది. అన్ని కంటైనర్లకూ కెర్నెల్ ఒక్కటే. కంటైనర్ ఇమేజ్‌ని (దాన్ని పుట్టించే మూస) రోజుకోసారి తిరగ కట్టినా కెర్నెల్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు.

2022 మార్చిలో బయటపడ్డ డర్టీ పైప్ అనే కెర్నెల్ లోపాన్ని గుర్తు చేసుకోండి. కెర్నెల్ 5.8 వెర్షన్ నుంచి ఉన్న ఆ లోపాన్ని 5.16.11, 5.15.25, 5.10.102లలో సరిచేశారు. చదివే అనుమతి మాత్రమే ఉన్న ఫైలులోకి, పేజ్ క్యాష్ (ఫైళ్లను మెమరీలో ఉంచుకునే చోటు) దారిన, రాసేయగలగడం దాని ప్రత్యేకత. ఒకే ఇమేజ్ లేయర్ వాడే కంటైనర్లు ఆ క్యాష్‌ని పంచుకుంటాయి కాబట్టి ఒకదాంట్లో రాసింది పక్కదాంట్లోనూ కనిపిస్తుంది. మార్పు మెమరీలోనే ఉండిపోతే డిస్కు ఇమేజ్ తీసి ఎంత గాలించినా ఆనవాలు దొరకదు.

2024 నాటి సీవీఈ-2024-1086 అనే లోపం మరీ పాఠం లాంటిది. ఎన్ఎఫ్ టేబుల్స్‌లో (కెర్నెల్‌లో ఫైర్‌వాల్ పని చేసే భాగం) ఉన్న ఆ లోపానికి సవరణ జనవరిలో వచ్చింది. మార్చికల్లా దాన్ని వాడుకునే కోడ్ బహిరంగమైంది. మే 30న అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా (CISA) దాన్ని 'దాడుల్లో వాడుతున్నారు' అనే జాబితాలో చేర్చింది. సవరణ బయటికొచ్చిందంటే కన్నం ఎక్కడుందో దొంగకి చూపించినట్టే, ఆ తర్వాత రీబూట్ వాయిదా వేసిన ప్రతి వారం వాడిదే. ఈ లోపాన్ని వాడుకోవాలంటే మామూలు యూజర్‌కి యూజర్ నేమ్‌స్పేస్ (తన గదిలో తనే రూట్, అంటే అడ్మిన్, అయ్యే ఏర్పాటు) తెరిచే వీలుండాలి. రీబూట్ ఆలస్యమయ్యేలా ఉంటే కెర్నెల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్‌లో యూజర్.మ్యాక్స్_యూజర్_నేమ్‌స్పేసెస్ విలువ 0 చేయండి. రూట్‌లెస్ (రూట్ హక్కులు లేకుండా నడిచే) కంటైనర్లు ఆగిపోతాయి, తెలిసే చేయండి. కంటైనర్ల గుంపుల్ని నడిపే కుబర్నెటిస్ వాడేవాళ్లకు ఇంకో మాట. మీరు అడగకపోతే పాడ్‌కి (కలిసి నడిచే కంటైనర్ల జట్టు) మామూలుగా సెక్‌కాంప్ రక్షణ, అంటే కెర్నెల్‌ని ఏమేం అడగొచ్చో హద్దు పెట్టే ఏర్పాటు, ఉండదు. రన్‌టైమ్‌డిఫాల్ట్ అని మీరే రాయాలి.

"ఈ సర్వర్ 600 రోజులుగా ఆగకుండా నడుస్తోంది. రీబూట్ చేస్తే మళ్లీ లేవదేమోనని భయం."

భయం నిజమైనదే. ఆ 600 రోజుల్ని గొప్పగా చెప్పుకోవడం మాత్రం వద్దు. అది అన్నాళ్లుగా వాయిదా పడ్డ సవరణల లెక్క.

ముందు స్నాప్‌షాట్ (డిస్కు నకలు) తీయండి. సీరియల్ కన్సోల్ (నెట్‌వర్క్ లేకున్నా సర్వర్‌లోకి వెళ్లే దారి) తెరిచి నిజంగా లాగిన్ అవుతుందో చూసుకోండి. కీలతో మాత్రమే లోపలికెళ్లే అకౌంట్లకు పాస్‌వర్డ్ ఉండదు, కన్సోల్ అడిగేది అదే. డీఎఫ్ కమాండ్‌తో, కెర్నెల్ ఫైళ్లుండే /బూట్‌లో ఖాళీ చూడండి. అది నిండి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కావలసిన ఫైళ్ల మూట) తయారీ సగంలో ఆగితే రూట్ డిస్కు దొరక్క కెర్నెల్ ప్యానిక్ అవుతుంది, అంటే చేతులెత్తేస్తుంది. విడిగా కట్టిన డ్రైవర్లుంటే, కొత్త కెర్నెల్ వేశాక డీకేఎంఎస్ స్టేటస్ కమాండ్‌లో ఆ వెర్షన్‌కీ తయారయ్యాయో లేదో చూడండి.

ఇప్పుడు అప్‌డేట్ వేయకుండా, పాత కెర్నెల్‌తోనే ఒకసారి రీబూట్ చేయండి. వింతగా అనిపించినా ఇది ముఖ్యం. ఎందుకంటే ఇన్నాళ్ల తర్వాత సర్వర్ లేవకపోతే కారణం కెర్నెల్ కాకపోవచ్చు. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు తగిలించాల్సిన డిస్కుల జాబితా) రాయకుండా చేత్తో మౌంట్ చేసిన డిస్కు, సేవ్ చేయని ఫైర్‌వాల్ నియమం, ఎనేబుల్ చేయకుండా స్టార్ట్ మాత్రం చేసిన సర్వీసు, వీటిలో ఏదైనా కావచ్చు. ఆ గొడవలు తేల్చుకున్నాకే కొత్త కెర్నెల్ జోలికి వెళ్లండి. ఏ కెర్నెల్ లేవాలో ఎంచే గ్రబ్ అనే బూట్‌లోడర్ డిఫాల్ట్‌ని సేవ్డ్ చేసి, పాతదాన్నే డిఫాల్ట్‌గా ఉంచి, గ్రబ్-రీబూట్‌తో కొత్తదాన్ని ఒక్కసారికి ఎంచుకోండి. బూట్ లైన్‌లో ప్యానిక్=10 చేరిస్తే, కొత్తది ప్యానిక్ అయినప్పుడు 10 సెకన్లకు యంత్రం తనంతట తనే పాతదానికి తిరిగొస్తుంది. /బూట్ ఎల్వీఎం (డిస్కు జాగాని పంచి ఇచ్చే ఏర్పాటు) మీద ఉంటే ఈ చిట్కాని నమ్ముకోవద్దు, గ్రబ్ తన గుర్తుని అక్కడ చెరపలేదు.

ఇవన్నీ సర్వర్ మీ చేతిలో ఉన్నప్పుడు. రెడీమేడ్ ఇమేజ్‌లుగా అమ్మే వర్చువల్ ఫైర్‌వాల్స్, బ్యాకప్ పెట్టెల గతి వేరు. లోపలున్నది చాలాసార్లు ఏళ్లనాటి లైనక్స్, దాని తాళం అమ్మినవాళ్ల దగ్గరే, ప్యాచ్ వాళ్లిచ్చినప్పుడే. రక్షణ పేరుతో అమ్మే సరుకే అందరికన్నా పాత కెర్నెల్ మీద నడవడం ఏం న్యాయం? కొనే ముందు కెర్నెల్ వెర్షన్ అడగండి. చెప్పడానికి నసిగితే వదిలేయండి.

"లైవ్ ప్యాచ్ (ఆపకుండానే కెర్నెల్‌ని సరిచేసే పద్ధతి) ఉంటే రీబూట్ మానేయొచ్చా?"

వాయిదా వేయొచ్చు, మానలేరు. 2015లో వచ్చిన 4.0 నుంచి కెర్నెల్‌లో ఉన్న ఈ ఏర్పాటు నడుస్తున్న ఫంక్షన్ స్థానంలో కొత్తదాన్ని పెడుతుంది. డేటా నిర్మాణమే మారాల్సిన సవరణలు దీనికి కష్టం. లైవ్ ప్యాచ్ పడ్డాక కూడా యూనేమ్ పాత నంబరే చూపిస్తుంది, కాబట్టి కేప్యాచ్ లిస్ట్ లాంటి దాంతో విడిగా చూసుకోవాలి. ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి సర్వర్లు పెరిగే ఏర్పాటు) ఉన్నవాళ్లు ఆ సర్వర్లు పుట్టే మూల ఇమేజ్ కూడా మార్చాలి. లేదంటే రద్దీ పెరిగినప్పుడల్లా పుట్టే కొత్త సర్వర్ అదే పాత కెర్నెల్‌తో లేస్తుంది.